ఆకాశం నుంచి వాన లెక్క

2023 డిసెంబరు 5. మిగ్‌జాం తుపాను మధ్యాహ్నం వేళ బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 90-100 కి.మీ. మా మేనమామకు ఆ చుట్టుపక్కలే మూడెకరాల వరి ఉంది. కోత అయిపోయింది. పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. నేనేమో హైదరాబాద్‌లో గదిలో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఉపగ్రహ చిత్రాలు ఒక్కొక్కటే మారుస్తూ చూస్తున్నా.

సాయంత్రానికి ఫోన్ కలిసింది. ‘మావయ్యా, శాటిలైట్‌లో చూశా. మీ వైపు గట్టిగానే పడినట్టుందే’ అన్నా, ఏదో తెలిసినవాడిలా. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, ‘ఏరా అల్లుడూ, అంత ఎత్తునుంచి చూసేదానికి నా చేలో ఎంత పడిందో ఎట్టా తెలుస్తదిరా?’ అన్నాడు.

నాలుగేళ్లు ఈసీఈ చదివా. రాడార్ సమీకరణం పరీక్షలో తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకున్నా. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయా. పైగా అది నాకు కొత్త ప్రశ్న కూడా కాదు. బీటెక్ అయ్యాక ఒక ఇంటర్వ్యూలో దాదాపు ఇదే అడిగారు. ‘ఫొటో తీసి, సర్’ అన్నా. బోర్డులో ఒకాయన నవ్వారు. ‘ఫొటోలో మేఘం కనిపిస్తుంది బాబూ, వాన కనిపించదుగా’ అన్నారు. ఉద్యోగం రాలేదు. ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది కానీ, మాట మాత్రం నిజం. మావయ్య ప్రశ్న విన్నాక కూర్చుని చదవడం మొదలుపెట్టా. అలా తెలుసుకున్న సంగతులే ఇవి. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు ఉపయోగపడతాయి. నాలా నవ్వులపాలు కాకుండా ఉంటారు.

ఉపగ్రహం వానను కొలవదు!

ముందు ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. మన మండల కార్యాలయం దగ్గర ఉండే వర్షమాపకం నిజంగానే వానను కొలుస్తుంది. గరాటులో పడిన నీరు సీసాలో చేరుతుంది, దాన్ని కొలజాడీలో పోసి చూస్తారు. ఉపగ్రహంలో చుక్క నీరు పడదు. దానికి అందేది వికిరణం, అంటే కొంత శక్తి. ఆ శక్తిని చూసి ‘ఇంత వికిరణం వచ్చిందంటే కింద ఇంత వాన పడుతూ ఉండాలి’ అని మనం లెక్క కడతాం. లెక్క కట్టే పద్ధతి మారితే జవాబు మారుతుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లందరి తలనొప్పీ ఇదే, వాళ్లకు ఉద్యోగాలు ఉన్నదీ ఇందువల్లే.

వర్షమాపకమే నిజం చెబుతుంది కదా, ఉపగ్రహం ఎందుకు అనొచ్చు. వర్షమాపకం మూతి వైశాల్యం మన దేశంలో సాధారణంగా 200 చదరపు సెంటీమీటర్లు. అంటే అన్నం తినే పళ్లెం కంటే చిన్నది. 2017లో కొందరు శాస్త్రవేత్తలు ఒక సరదా లెక్క వేశారు. ప్రపంచ వర్షపాత సమాచార కేంద్రానికి వివరాలు పంపే వర్షమాపకాల మూతులన్నీ పక్కపక్కన పేర్చితే సగం ఫుట్‌బాల్ మైదానం కూడా నిండదట. సముద్రం మీదైతే అవి దాదాపు లేనే లేవు. మన తుపాన్లన్నీ పుట్టి పెరిగేది అక్కడే.

మేఘం చల్లదనాన్ని బట్టి...

టీవీలో రోజూ చూపించే చిత్రాలు ఇన్‌శాట్ శ్రేణివి. 2013లో ఇన్‌శాట్-3డి, 2016లో 3డీఆర్, 2024 ఫిబ్రవరిలో 3డీఎస్ వెళ్లాయి. దాదాపు 36 వేల కి.మీ. ఎత్తున, భూమితోపాటే తిరుగుతూ, మన నెత్తిమీద ఒకేచోట నిలబడినట్టు ఉంటాయి. రాత్రీ పగలూ తేడా లేకుండా చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ వాడతాయి. అందులో తెలిసేది మేఘం పైభాగం ఉష్ణోగ్రత. మేఘం ఎంత ఎత్తుకు ఎదిగితే దాని తల అంత చల్లగా ఉంటుంది. బాగా ఎదిగిన మేఘం గట్టిగా కురుస్తుంది. తర్కం ఇంతే.

1980ల్లో దీన్నుంచి ఒక సూత్రం తయారుచేశారు. మేఘం పైభాగం 235 కెల్విన్ల కంటే, అంటే దాదాపు మైనస్ 38 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే అక్కడ గంటకు 3 మి.మీ. వాన పడుతున్నట్టు లెక్క. మొదటిసారి చదివినప్పుడు ‘ఇంత మోటుగానా?’ అనిపించింది. విశాలమైన ఉష్ణమండల సముద్రం మీద నెలల సగటు తీస్తే మాత్రం ఇది ఆశ్చర్యంగా బాగానే పనిచేస్తుంది. ఒక ఊరికి, ఒక గంటకు అడిగితే బోల్తా పడుతుంది. ఎందుకంటే పెద్ద ఉరుముల మేఘం పైన గొడుగులా పరుచుకునే పల్చటి మంచు మేఘం కూడా అంతే చల్లగా ఉంటుంది. దాని కింద చుక్క రాలదు. పడమటి కనుమల వైపు దీనికి తిరగేసిన కథ. అక్కడ కొండను ఢీకొని పైకి లేచే మేఘాలు చాలాసార్లు పొట్టిగానే ఉంటాయి, తల వెచ్చగానే ఉంటుంది, వాన మాత్రం కుండపోత. ఇన్‌ఫ్రారెడ్ కన్ను దాన్ని పట్టుకోలేదు. ఇంటర్వ్యూలో నాకు ఈ ఒక్క ఉదాహరణ తెలిసున్నా బతికిపోయేవాణ్ని.

చినుకు పరిమాణంలో ఉండే తరంగం

మేఘం తలను కాకుండా లోపలి చినుకును చూడాలంటే మైక్రోవేవ్ కావాలి. 10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3 సెం.మీ. 89 గిగాహెర్ట్జ్‌కు వచ్చేసరికి 3 మి.మీ. చిల్లర. చినుకులు కూడా అర మిల్లీమీటరు నుంచి అయిదారు మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. అందుకే ఈ తరంగాలకు చినుకులతో లావాదేవీ ఎక్కువ, పల్చటి మేఘంతో తక్కువ.

ఇక్కడ భలే గమ్మత్తు ఉంది. మైక్రోవేవ్ కంటికి సముద్రం చల్లగా కనిపిస్తుంది. నిజంగా చల్లగా ఉండి కాదు, నీటి ఉపరితలం ఆ తరంగాలను తక్కువగా వెదజల్లుతుంది కాబట్టి. ఆ చల్లటి నేపథ్యం మీద చినుకులు వెచ్చగా మెరుస్తాయి. నల్లబోర్డు మీద సుద్దముక్క గీతలా స్పష్టంగా ఉంటాయి. అదే నేల మీదికి వస్తే? నేల కూడా వెచ్చగానే కనిపిస్తుంది. తెల్లగోడ మీద సుద్దముక్కతో రాసినట్టే! అందుకని నేల మీద వేరే దారి పట్టారు. మేఘం పైభాగంలో ఉండే మంచు కణాలు 89 గిగాహెర్ట్జ్ లాంటి తరంగాలను చెదరగొడతాయి. కింది నుంచి వచ్చే శక్తి ఉపగ్రహానికి అందడం తగ్గుతుంది. ఎంత తగ్గితే అంత మంచు, ఎంత మంచు ఉంటే అంత వాన అని అంచనా. అంటే నేల మీద మళ్లీ నేరుగా చినుకును చూడట్లేదన్నమాట. తుపాను సముద్రం మీద ఉన్నంతసేపు ఉపగ్రహం లెక్క బాగుండి, తీరం దాటి మన చేలోకి వచ్చేసరికి తడబడేది ఇందుకే. మనకు అసలు అవసరం అప్పుడే కదా.

మరి మైక్రోవేవ్ పరికరాన్నే ఇన్‌శాట్‌లో పెట్టేస్తే గొడవ వదిలిపోదా? యాంటెన్నా పాఠం గుర్తుంటే మీకే తెలుస్తుంది. తరంగదైర్ఘ్యం పెద్దదయ్యేకొద్దీ, దూరం పెరిగేకొద్దీ స్పష్టత కోసం డిష్ పెద్దది కావాలి. 400 కి.మీ. ఎత్తున 1.2 మీటర్ల డిష్‌తో వచ్చే స్పష్టత 36 వేల కి.మీ. నుంచి కావాలంటే పదుల మీటర్ల డిష్ పైకి పంపాలి. అందుకే మైక్రోవేవ్ ఉపగ్రహాలు కిందనే తిరుగుతాయి. కింద తిరిగేది ఒకేచోట ఉండదు. గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తూ మన ఊరి మీదికి ఏ పూటకో ఒకసారి వస్తుంది. ఆ మధ్యలో కురిసి వెలిసిన వాన దానికి తెలియదు.

అంతరిక్షంలో మొదటి వాన రాడార్

ఇప్పటిదాకా చెప్పినవి కిందినుంచి వచ్చేదాన్ని అందుకునే పరికరాలు. తానే ఒక తరంగం పంపి, ప్రతిధ్వని వినే రాడార్‌ను వానకోసం తొలిసారి అంతరిక్షంలో పెట్టింది 1997లో. అమెరికా, జపాన్ కలిసి చేసిన ఆ ఉపగ్రహం పేరు ట్రిమ్. నవంబరు 27న జపాన్‌లోని తనెగషిమా నుంచి వెళ్లింది. రాడార్ జపాన్ తయారీ. మూడేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు, పదిహేడేళ్లు పనిచేసింది. మధ్యలో 2001లో దాన్ని 350 కి.మీ. నుంచి 402 కి.మీ. ఎత్తుకు జరిపారు. పైన గాలి ఇంకా పల్చన, లాగుడు తక్కువ, ఇంధనం ఆదా. 2004లో ఇక దించేద్దామని నాసా అనుకుంటే శాస్త్రవేత్తలు గొడవచేసి ఆపారు. చివరికి ఇంధనం అయిపోయి 2015 జూన్‌లో వాతావరణంలోకి దిగి కాలిపోయింది.

రాడార్ ప్రత్యేకత ఏంటంటే ఎత్తును విడదీసి చూపించడం. ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా వస్తే చినుకు అంత కింద ఉన్నట్టు. ఆసుపత్రిలో స్కానింగ్ తీసినట్టు మేఘాన్ని పొరలుపొరలుగా కోసి చూపిస్తుంది. దీనివల్లే తుపాను కంటి గోడలో 15 కి.మీ. దాకా నిటారుగా లేచే మేఘ స్తంభాల సంగతి వివరంగా తెలిసింది. వాటిని హాట్ టవర్స్ అంటారు. ట్రిమ్ సమాచారంతో నాసా పరిశోధకులు 2004లో తేల్చింది ఇది: కంటి గోడలో అలాంటి స్తంభం కనిపించిన తుపాను, కనిపించని దానితో పోలిస్తే తర్వాతి ఆరు గంటల్లో బలపడే అవకాశం దాదాపు రెట్టింపు. తుపాను దారిని చెప్పడం ఇప్పుడు బాగా మెరుగుపడింది. ఉన్నట్టుండి బలపడటాన్ని ముందే చెప్పడమే ఇప్పటికీ కష్టం. అందుకే ఇలాంటి చిన్న ఆధారం కూడా విలువైనదే.

రాడార్‌కూ ఓ బలహీనత ఉంది. ప్రతిధ్వని బలం చినుకు వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి ఉంటుంది. నీటి పరిమాణం మూడో ఘాతాన్ని బట్టి. అంటే చినుకు వ్యాసం రెండింతలైతే నీళ్లు ఎనిమిదింతలే, ప్రతిధ్వని మాత్రం 64 రెట్లు! కొన్ని పెద్ద చినుకులు ఉన్నాయా, బోలెడన్ని చిన్న చినుకులు ఉన్నాయా అనేది ఒకే పౌనఃపున్యంతో తేల్చలేం. ఇందుకు పరిష్కారంగా 2014 ఫిబ్రవరిలో వెళ్లిన జీపీఎం ఉపగ్రహంలో రెండు రాడార్లు పెట్టారు. ఒకటి 13.6 గిగాహెర్ట్జ్, రెండోది 35.5 గిగాహెర్ట్జ్. ఒకే వాన రెండింటికీ వేర్వేరుగా కనిపిస్తుంది. ఆ తేడాలోంచి చినుకు పరిమాణం రాబట్టొచ్చు. అయినా నేలకు ఒకటి రెండు కిలోమీటర్ల లోపు ఏం జరుగుతోందో దానికి సరిగా కనిపించదు. నేలనుంచి వచ్చే ప్రతిధ్వని అక్కడ అన్నిటినీ మింగేస్తుంది.

మన ప్రయత్నం: మేఘ-ట్రాపిక్స్

ఈ కథలో మనవాళ్లకూ చోటుంది. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి తయారుచేసిన మేఘ-ట్రాపిక్స్ 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి వెళ్లింది. కక్ష్య వాలు 20 డిగ్రీలే. ధ్రువాల వైపు పోకుండా భూమధ్యరేఖకు అటూఇటూ తిరుగుతూ మనలాంటి ఉష్ణమండల దేశాలను రోజుకు పలుమార్లు చూసేలా అలా ఎంచుకున్నారు. నాకు ఇది చాలా తెలివైన ఆలోచన అనిపిస్తుంది.

అందులో వానకోసం పెట్టిన ముఖ్యమైన మైక్రోవేవ్ పరికరం పేరు మద్రాస్. గుండ్రంగా తిరుగుతూ చూసే పరికరం. తిప్పే యంత్రాంగంలో ఇబ్బంది వచ్చి 2013లో దాని పని ఆగిపోయింది. ఎలక్ట్రానిక్స్, అల్గారిదమ్‌లు ఎంత గొప్పవైనా తిరగాల్సింది తిరగకపోతే అంతే. మెకానికల్ వాళ్లు ‘స్పేస్ అంటే మాకేం పని’ అంటుంటారు కదా, ఇది గుర్తుపెట్టుకోండి. తేమను కొలిచే మరో పరికరం సఫైర్ మాత్రం ఏళ్లపాటు పనిచేసింది. దాని సమాచారాన్ని ప్రపంచ దేశాలు వాడుకున్నాయి. 2023 మార్చి 7న ఇస్రో ఈ ఉపగ్రహాన్ని అదుపులో ఉంచుకుంటూనే పసిఫిక్ సముద్రం మీదుగా దించేసింది. ఇంకో సంగతి. అదే రాకెట్‌లో ఐఐటీ కాన్పూర్ విద్యార్థుల జుగ్ను, ఎస్‌ఆర్‌ఎం విద్యార్థుల ఎస్‌ఆర్‌ఎంశాట్ కూడా వెళ్లాయి. మీ వయసు వాళ్లు చేసినవే.

రాడార్ మూగబోయిన రోజు

2014లో నేను వైజాగ్‌లో ఇంటర్ చదివేవాణ్ని. అక్టోబరు 12, హుద్‌హుద్. హాస్టల్ కిటికీ అద్దాలు పగిలిపోతుంటే పరుపులు నిలబెట్టి వాటి వెనక కూర్చున్నాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు. నాకు చాలాకాలం తర్వాత తెలిసింది, ఆ రోజు విశాఖలోని వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ కూడా తుపాను ధాటికి ఆగిపోయిందని. నేల మీది రాడార్ తుపానును మిగతావాటికంటే వివరంగా చూస్తుంది, కానీ అది తుపాను దారిలోనే ఉంటుంది. పైనున్నదానికి ఆ భయం లేదు.

బంగాళాఖాతంలో మనకు ఇంకో ఇబ్బంది ఉంది. అమెరికావాళ్లు హరికేన్ లోపలికి విమానాలు పంపి గాలి వేగం కొలుస్తారు. మన దగ్గర అలా మామూలుగా పంపే ఏర్పాటు లేదు. తీరానికి దూరంగా ఉన్నంతసేపు తుపాను ఎంత బలంగా ఉందో చెప్పాలంటే ప్రధాన ఆధారం ఉపగ్రహమే. 1970ల్లో వెర్నన్ డ్వోరాక్ అనే అమెరికా శాస్త్రవేత్త, మేఘాల అమరిక చూసి బలాన్ని అంచనా వేసే పద్ధతి రూపొందించారు. సుడి ఎంతవరకు చుట్టుకుంది, కన్ను ఏర్పడిందా, చుట్టూ మేఘం ఎంత చల్లగా ఉంది అని చూసి ‘టి’ అంకె వేస్తారు. టి-2.5 అంటే తుపాను. టి-4 అంటే దాదాపు 65 నాట్లు, గంటకు 120 కి.మీ. గాలి, మన లెక్కలో అతి తీవ్ర తుపాను. వాతావరణ శాఖ తుపాను బులెటిన్ ఈసారి పూర్తిగా చదవండి, ఈ ‘టి’ అంకె కనిపిస్తుంది. యాభై ఏళ్లు దాటినా ఇంకా వాడుతున్నారంటే చూడండి. సముద్రం మీది గాలిని అలల గరుకుదనం బట్టి పట్టే స్కాటరోమీటర్లూ ఉన్నాయి. ఓషన్‌శాట్-2, స్కాట్‌శాట్-1, 2022లో వెళ్లిన ఓషన్‌శాట్-3 ఇందుకు ఉపయోగపడినవే. భారీ వాన ఉన్నచోట మాత్రం వీటి చూపూ మసకబారుతుంది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. పదివేల మందికి పైగా పోయారు. ఇన్‌శాట్-1బి 1983లో వచ్చింది. ఉపగ్రహం ఒక్కటే తేడా అనను. తుపాను షెల్టర్లు, రోడ్లు, ఫోన్లు, ముందే జనాన్ని తరలించడం, అన్నీ కలిశాయి. కానీ తరలించాలంటే ముందు తెలియాలి కదా.

మావయ్య చేలో లెక్క

ఇక అసలు ప్రశ్నకు వస్తా. జీపీఎంను కేంద్రంగా పెట్టుకుని, ఇతర దేశాల మైక్రోవేవ్ ఉపగ్రహాలనూ, భూస్థిర ఉపగ్రహాల ఇన్‌ఫ్రారెడ్‌నూ, వర్షమాపకాలనూ కలిపి నాసా ఒక లెక్క తయారుచేస్తుంది. పేరు ఐమెర్గ్. అరగంటకోసారి, 0.1 డిగ్రీల గడికి ఒక అంకె. ఎవరైనా నాసా ఎర్త్‌డేటా సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి దించుకోవచ్చు. నేనూ దించుకున్నా. ఆ రెండు రోజుల వానను కూడా. చూస్తే కళ్లు తిరిగేంత అంకె! వెంటనే మావయ్యకు ఫోన్ చేసి చెప్పా. ‘అంత పడితే ఇల్లు కూడా కొట్టుకుపోయేదిరా’ అన్నాడాయన.

తప్పులు ఒకటి కాదు, మూడు చేశా. మొదటిది, ఆ ఫైల్‌లో ఉండేది గంటకు ఎన్ని మి.మీ. అనే రేటు. అరగంట ఫైళ్లను కూడేటప్పుడు ప్రతిదాన్నీ సగం చేయాలి. చేయలేదు, రెట్టింపైంది. రెండోది, మన వర్షమాపకం రోజు అర్ధరాత్రి మొదలవదు. ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా. ఉపగ్రహం ఫైళ్లు గ్రీనిచ్ కాలమానంలో ఉంటాయి. కాబట్టి తెల్లవారుజామున 3.00 ఫైల్ నుంచి 48 ఫైళ్లు తీసుకోవాలి. మూడోది, ఫైల్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం ఉంటాయి. నేను తిరగేసి చదివా. అలా చదివితే బాపట్ల ఎక్కడికో పోతుంది. మ్యాప్ మీద గీసి చూసుకున్నాకగానీ తెలియలేదు.

సరిచేశాక వచ్చిన అంకె మండల వర్షమాపకం చెప్పినదానికంటే తక్కువగా ఉంది. ఎందుకో ఇప్పుడు మీరే ఊహించగలరు. గడి సుమారు 11 కి.మీ. పొడవు, అంతకు కాస్త తక్కువ వెడల్పు. అంటే దాదాపు 29 వేల ఎకరాలు. అన్నిటికీ కలిపి ఒక్కటే సగటు. అందులో మావయ్యవి మూడు. పైగా తుపాను అప్పటికి నేల మీదికి వచ్చేసింది, ఏ మైక్రోవేవ్ ఉపగ్రహమూ చూడని గంటల్లో ఇన్‌ఫ్రారెడ్‌తో అతుకులేసి ఉంటారు. ‘మూడెకరాల సంగతి దానికి తెలీదు మావయ్యా’ అని ఒప్పుకున్నా.

ఇది ఒట్టి సరదా లెక్క కాదు. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం నిర్దేశించిన వాతావరణ కేంద్రంలో నమోదైన అంకెలను బట్టి లెక్కకడతారు. కేంద్రం దగ్గర చినుకు పడక, పది కిలోమీటర్ల అవతల చేను మునిగితే? రెండు కేంద్రాల మధ్య ఖాళీని ఉపగ్రహంతో నమ్మకంగా నింపగలిగినవాళ్లు బీమా కంపెనీకీ కావాలి, రైతుకూ కావాలి.

ఉద్యోగాల సంగతి

ఉన్నదున్నట్టు చెబుతా. సాఫ్ట్‌వేర్‌లా వేలమందిని తీసుకునే రంగం కాదు ఇది. నోటిఫికేషన్లు అరుదు. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులనే తీసుకోండి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2017లో ఒకసారి, మళ్లీ 2022లో 990 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. మధ్యలో అయిదేళ్లు. భౌతికశాస్త్రంతో డిగ్రీ చేసినవాళ్లకూ, కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకూ అప్పుడు అవకాశం ఇచ్చారు. దీనికోసమే ఖాళీగా కూర్చుంటానంటే నేను వద్దంటా. ఏదో ఒక ఉద్యోగం చేస్తూ, ఈ నైపుణ్యం పక్కన పెంచుకోండి. 2024 సెప్టెంబరులో కేంద్రం రూ.2 వేల కోట్లతో మిషన్ మౌసమ్‌కు ఆమోదం తెలిపింది. రాడార్లు, పరికరాలు పెరుగుతాయి, వాటి సమాచారాన్ని చూసేవాళ్లు కావాలి.

మనకున్న అదృష్టం, చాలా సంస్థలు ఇంటి పక్కనే ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ, షాద్‌నగర్‌లో దాని గ్రౌండ్ స్టేషన్. ఉప్పెన, అలల హెచ్చరికలు చూసే ఇన్‌కాయిస్ కూడా హైదరాబాద్‌లోనే. తిరుపతి దగ్గర గాదంకిలో ఎన్‌ఏఆర్‌ఎల్, అక్కడి ఎంఎస్‌టీ రాడార్ చూడాల్సిందే. విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. గేట్ రాసేవాళ్లకు ఇంజినీరింగ్ సైన్సెస్ పేపర్‌లో వాతావరణ, సముద్ర శాస్త్రం ఒక సెక్షన్. 2022 నుంచి జియోమాటిక్స్‌కు విడిగా పేపరే పెట్టారు. ప్రైవేటులో బీమా, వ్యవసాయం, పవన విద్యుత్ కంపెనీలు ఇలాంటి సమాచారం వాడుతున్నాయి. ఆ ప్రకటనల్లో ‘వాతావరణం’ అనే మాట ఉండకపోవచ్చు, డేటా అనలిస్ట్ అనో జియోస్పేషియల్ ఇంజినీర్ అనో ఉంటుంది. ఆ పేర్లతో వెతకండి.

నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు. దేహ్రాదూన్‌లోని ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ కోర్సులు ఉచితం, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. ఇన్‌శాట్ సమాచారం ఇస్రో వారి మోస్‌డాక్ సైట్‌లో రిజిస్టర్ చేసుకుంటే దొరుకుతుంది. పైథాన్‌లో ఎక్స్‌అర్రే అనే లైబ్రరీ వస్తే సగం పని అయినట్టే. రెజ్యూమెలో ‘పైథాన్ వచ్చు’ అని రాసేకంటే, మీ మండలం మీదుగా పోయిన ఒక తుపానును తీసుకుని, ఉపగ్రహం అంకెను వర్షమాపకంతో పోల్చి, తేడా ఎందుకొచ్చిందో రెండు పేజీలు రాయండి. అంకెలు సరిపోకపోతే దాచొద్దు. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేది ఆ తేడా గురించే. రెండోసారి నాకు అలాగే జరిగింది. నా మూడు తప్పుల గురించే పావుగంట మాట్లాడించారు.

మావయ్య ఆ ఏడాది తడిసిన ధాన్యాన్ని వచ్చిన ధరకు అమ్ముకున్నాడు. మరుసటి ఏడాది వానలకు పెరట్లో గట్టుమీద ఒక నిలువు గోడల డబ్బా పెట్టాడు. అంచులు వాలుగా లేకపోతే మూతి ఎంత వెడల్పున్నా పరవాలేదు, నీటి ఎత్తే వాన లెక్క అని నేనే చెప్పా. మనవడి స్కేలు పెట్టి పొద్దున 8.30కి చూస్తాడు. మొన్న అల్పపీడనానికి వాట్సప్‌లో మెసేజ్ వచ్చింది: ‘ఇక్కడ 22. నీ శాటిలైట్ ఎంతంటంది?’